గడప ముందు ఆగిన డప్పు

మా ఊళ్లో పీర్ల ఊరేగింపుకు ఒక కట్టడి ఉండేది. మంచం పట్టిన మనిషి ఉన్న గడప ముందుకు రాగానే డప్పు ఆపేవారు. పీర్ల పాటలో ఇమాం కొడుకు దప్పికతోనే చావుకు ఎదురుగా యుద్ధానికి బయలుదేరే చరణాన్ని అక్కడ పాడితే ఆ ఇంటికి చావును పిలిచినట్టేనని నమ్మకం. నిజాం పాలన చివరి ఏళ్లలో, ఇబ్రహీంపట్నంలో, ఒక మొహర్రం పదో రోజున ఆ కట్టడి మా గడప ముందుకే వచ్చింది.

అమ్మ కడుపులో గడ్డతో నెలల తరబడి మంచంలో ఉంది. దవాఖాన వాళ్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. నేను మసీదులో పిల్లలకు పవిత్ర గ్రంథం నేర్పేవాణ్ని. రోజూ ఆమె తలాపున కూర్చుని ఓర్పును గురించిన వాక్యాలు చదివేవాణ్ని. శ్రద్ధగా వినేది. కానీ మొహర్రం నెల పొడుపు కనబడ్డప్పటి నుంచి ఆమె చెవి పీర్లను నిలిపే పీర్లకొట్టం వైపే ఉంది. పెళ్లయి వచ్చింది మొదలు ఆడవాళ్లలో ఆ చరణాన్ని ఎత్తుకునేది ఆమే.

పొద్దెక్కింది. పీర్లను చెరువుకు తీసుకుపోతున్నారు. డప్పు మా సందు మలుపు తిరిగింది, దగ్గరైంది, ఠక్కున ఆగింది. ఇక అడుగుల చప్పుడొక్కటే.

"ఎందుకాపిండ్రు?" అంది అమ్మ.

"నీకు బాగలేదని, అమ్మా."

"బాగలేకుంటే చెవులు గూడ పోయినయా నాకు? పిలువు వాన్ని."

పాటకు ముందుండేది చెరువులో చేపలు పట్టే బెస్త పెద్దాయన. అమ్మను అక్కా అని పిలిచేవాడు. గడప దగ్గరికొచ్చి తలవంచి నిలబడ్డాడు.

"గా చరణం అందుకో తమ్మీ."

"వద్దక్కా. గా చరణం ఈడ పాడొద్దు. నీ మీదికి సావును తెచ్చినోన్నయిత."

"నువ్వు తేవాల్నారా? అదొచ్చి ఎన్నొద్దులాయె, నా మంచం కిందనే పండుకున్నది. నువ్వు జర పాడితే లేచి మొకం సూపిస్తదేమో."

బయట ఎవరో నవ్వారు. ఆయన నవ్వలేదు. నా వైపు తిరిగి, "నువ్వన్న చెప్పు బిడ్డా, చదువుకున్నోనివి" అన్నాడు.

చావుకు గడియ రాసేవాడు అల్లా ఒక్కడే. పాట పిలిస్తే అది రాదు, డప్పు ఆగితే అది ఆగదు.

"పాడు కాకా" అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

అప్పుడు అమ్మే అందుకుంది. నా భుజం పట్టుకుని లేచి కూర్చుంది. మొదట గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్లీ ఎత్తింది.

"దప్పికున్నా దారి ఇడువకు నా కొడుకో,
సావే సిగ్గువడాలె నిన్ను సూసి!"

సందులో ఆడవాళ్లు బదులు పలికారు. డప్పు లేచింది. పెద్దాయన కళ్లు తుడుచుకోకుండానే గొంతు కలిపాడు. నా చేతి కింద అమ్మ వీపు ఎముకలు అదురుతున్నాయి. నేను ఇన్నాళ్లూ మెల్లగా చదివి వినిపించిన ఓర్పులో ఇంత మంట ఉందని అప్పుడే తెలిసింది.

పాట అయ్యాక అమ్మ నీళ్ల లోటా అడిగి, నన్ను ఆనుకుని గడప దాకా వచ్చి, పీర్లను ఎత్తుకున్నవాళ్ల కాళ్ల మీద తన చేత్తోనే నీళ్లు పోసింది. సగం నా మీద పడ్డాయి.

"ఇగ పోండ్రి. మీకోసం సూసి సూసి చెరువెండిపోతది" అంది.

మర్నాడు సాయంత్రపు అసర్ నమాజు తర్వాత అమ్మకు జనాజా, చివరి ప్రార్థన. వరస కట్టిన జమాతుకు ముందు నిలబడి ప్రార్థన చేయించింది నేనే. పెద్దాయన ఖబ్రస్తాన్ గోడ అవతల చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ప్రార్థన మొదలుపెడుతూ 'అల్లాహు అక్బర్' అని తక్బీర్ చెప్పబోతే గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్లీ ఎత్తాను. ఈసారి గొంతు గోడ అవతలి దాకా వెళ్లింది.