వరద తగ్గిన పూట

శ్రీముఖలింగం దాటాక వంశధార గట్టు మీద ఒక చిన్న ఊళ్లో మమ్మల్ని దింపారు. తుపాను వెళ్లి ఒక పగలైంది. సన్నగా వాన. ఎనిమిదిమంది జవాన్లం, రబ్బరు పడవ ఒకటి, తాళ్లు, వైర్‌లెస్ సెట్టు. ఆర్డరు చిన్నది: గట్టు మీది ఇళ్లు ఖాళీ చేయించాలి. మాలో తెలుగొచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. మాది శృంగవరపుకోట. మా వైపు గెడ్డలనే చిన్న వాగుల్లో మోకాలు తడిస్తే గొప్ప. ఏరు అంత నిండుగా పారడం నేను చూడ్డం అదే మొదలు.

అక్కడ ఏరు కొడవలిలా వంపు తిరుగుతుంది. ఊరు వంపుకి బయటి వైపు. నీటి జోరంతా ఇటే కొడుతుంది. అవతల నీరు నెమ్మదించి, తెచ్చిన ఇసుకా మట్టీ దించేస్తుంది. ఇటు కోత, అటు మేట.

అందరూ బడికి చేరారు, అప్పలమ్మ తప్ప. అరవై దాటిన మనిషి. గట్టు అంచున అరెకరం వంగతోట, పక్కనే ఇల్లు. ఆమెకున్నదంతా అదే.

“బూమిని ఒగ్గీసి యెక్కడికెల్తాను బాబూ? నానుంటేనే ఇది ఉంటాది,” అంది.

“నువ్వుంటే ఏరు ఆగిపోతాదేటి? నువ్వేటి, ఆనకట్టవా?” అన్నాను.

నవ్వింది గానీ లేవలేదు. చివరికి ఇద్దరం దాదాపు మోసుకుని బడికి తెచ్చాం.

మర్నాడు తెల్లారేసరికి నీరు బాగా దిగింది. ఊరు ఊపిరి పీల్చుకుంది. వైర్‌లెస్‌లో కెప్టెన్ గొంతు.

“నీరు తగ్గిందా?”

“తగ్గింది సార్.”

“అయితే సామాను సర్దండి.”

మా హవల్దారుది అస్సాం. అతను సర్దలేదు. గట్టు వైపే చూస్తున్నాడు.

“ఎవర్నీ అటు పోనివ్వకు. గట్టు పడేది ఇప్పుడే,” అన్నాడు హిందీలో. “అడుగున ఇసుక కొట్టుకుపోయింది. పైన మట్టి తడిసి బరువెక్కింది. ఇంతసేపూ నీరే ఆనుకుని నిలబెట్టింది. ఇప్పుడా ఆసరా లేదు.”

అప్పటికే ఆలస్యమైంది. ఆ ఊళ్లో ఒక అలవాటుంది. వరద తగ్గగానే ఆడవాళ్లు ఏటికి పసుపు కుంకుమ ఇస్తారు. ఊరిని విడిచిపెట్టినందుకు. ఆ తర్వాతే పొయ్యి వెలిగిస్తారు. బడి వెనక నుంచి నలుగురైదుగురు ఆడవాళ్లు బయల్దేరిపోయారు. ముందు అప్పలమ్మ, చేతిలో పళ్లెం. నేరుగా వంగతోటలోకి.

పరిగెత్తాం. తోట మధ్యలో నేల బెత్తెడు చీలి ఉంది. మిగతావాళ్లు ఇవతలే ఆగారు. అప్పలమ్మ అవతల, అంచు దగ్గర నిలబడి ఉంది.

“అమ్మా, ఎనక్కి రా! గట్టు పడిపోతాది!”

“నీరు దిగిపోనాది కదా నాయనా. పసుపు ఎయ్యనీ.”

“ఇటొచ్చి ఎయ్యి! నీకు దణ్ణమెడతాను, రా!”

హవల్దారు నా నడుముకి తాడు బిగించాడు. “నిలబడొద్దు. పాకు.” పాకాను. కడుపు కింద నేల వణకడం తెలుస్తోంది. ఆమె చేయి దొరికింది. వెనక నుంచి అందరూ లాగారు. పళ్లెం ఎటో పడింది.

మేం ఇవతల పడ్డ కాసేపటికి తోట దిగిపోయింది. వంగమొక్కలు వరసల్లో నిలబడే నీళ్లలోకి వెళ్లాయి. సాయంత్రంలోగా ఇల్లూ పోయింది.

అప్పలమ్మ నా చెంప మీద కొట్టింది. తర్వాత నా భుజం మీద పడి ఏడ్చింది. నాకూ ఏడుపు ఆగలేదు.

రెండ్రోజులకి ఎండ కాసింది. ట్రక్కు ఎక్కాం. అవతల కొత్త మేట నల్లగా తేలింది. ఆ ఒడ్డు రైతులు అప్పుడే కర్రలు పాతి హద్దులు పెట్టుకుంటున్నారు.

ఉద్యోగం వదిలి ఇంటికొచ్చి చాలా ఏళ్లయింది. ఎవరైనా అడిగితే మంచుకొండల సంగతులు చెబుతాను. కళ్లు మూస్తే కనిపించేది మాత్రం ఆ రోజు ట్రక్కులోంచి చూసిందే. తెగిన గట్టు మీద నిలబడి, అప్పలమ్మ అవతలి మేటకేసి చేయి చాపి అరుస్తోంది: “ఒరే, అది నా మట్టిరా!” అది ఆమె మట్టో, ఎగువ నుంచి వచ్చిందో ఎవరికి తెలుసు? హోరులో ఆ మాట అటు చేరలేదు. కర్ర పాతుతున్న ఒకతను, పలకరిస్తోందనుకుని, నవ్వుతూ చేయి ఊపాడు.