గట్టు మీద తెల్లచీర

ఖాళీ గట్టు కనిపిస్తే దేవకుమారి చెయ్యి ఊరుకోదు. ప్రత్తిపాడు చుట్టుపక్కల ఆవిడ కూలికి వెళ్లని మిరపచేను లేదు. వెళ్లిన చేను గట్టున నాలుగు గింజలు పడేయకుండా తిరిగొచ్చిన రోజూ లేదు. మిగతా ఆడవాళ్లు కొంగు ముడిలో చిల్లర కట్టుకుంటే ఆవిడ గోంగూర, బెండ, బొబ్బర గింజలు కట్టుకుంటుంది. ఒక ఆదివారం చర్చిలో కానుక పళ్లెం ముందుకొచ్చినప్పుడు తొందరలో ఆ ముడే విప్పింది. పళ్లెంలో టకటకా బొబ్బర్లు రాలాయి. పాస్టరుగారు వాటిని ప్రహరీ పక్కన చల్లారు. రెండు నెలలు ఆయన ఇంట్లో కూరకి వెతుక్కునే పని లేకపోయింది.

బాపయ్యగారి ఎకరన్నర చేను గట్టయితే ఆవిడ సొంతం లాంటిదే. ఇరవై ఏళ్ల కిందట అక్కడికి మొదటిసారి కలుపు తీయడానికి వెళ్లి, "గట్టు మీద నాలుగు గింజలేసుకోనాండీ?" అని అడిగింది.

"గట్టుకేం, వేసుకో. చేలోకి మాత్రం రానీయకు" అన్నాడాయన.

ఆ మాట ఇద్దరూ తప్పలేదు. ఆ ఊళ్లో ఎటు చూసినా మిరప, పత్తి. చూడ్డానికి కన్నులపండువే గానీ, రెండూ కలిపి వండినా పూట గడవదు. దేవకుమారి ఇంట్లో మాత్రం పొయ్యి మీద ఏదో ఒక ఆకు ఉడుకుతూనే ఉండేది. మందు కొట్టే హయాత్ వీపున ట్యాంకు వేసుకుని గట్టు దాకా రాగానే, "ఒరేయ్ హయాతూ, అటు తిరుగు!" అని కేక పెట్టేది. అతను నవ్వుతూ గొట్టం అటు తిప్పేవాడు.

ఈ ఏడు బాపయ్య మందు కొట్టడానికి డ్రోను మాట్లాడాడు. డ్రోనుకి కేకలు వినపడవు.

ఇదివరకైతే దేవకుమారి రెండు రోజులు సణిగి ఊరుకునేదేమో. కానీ కిందటి నెల అంగన్‌వాడీలో కూతురు రెబ్కా బిడ్డను తూచారు. పదకొండు నెలల పిల్ల. బరువు కార్డులో చుక్క పచ్చరంగులోంచి పసుపురంగులోకి జారింది. "పప్పూ ఆకుకూరా మెత్తగా మెదిపి పెట్టండి" అంది టీచరు. ఆ రోజు నుంచి గట్టు మీది బొబ్బర్లూ తోటకూరా అన్నంతో కలిసి పిల్ల గిన్నెలోకే వెళ్తున్నాయి. ఆ గిన్నెలో పురుగుమందు చుక్క పడకూడదు. దేవకుమారికి కావలసింది అంతే.

నల్లపాడు నుంచి డ్రోను తెచ్చింది సిద్దికా అనే పాతికేళ్ల అమ్మాయి. రిమోట్ పట్టుకుని చేను మూలమూలకీ నడవడం మొదలుపెట్టింది. దేవకుమారి వెనకే బయల్దేరింది.

"ఎందుకమ్మాయ్ ఇట్టా తిరుగుతున్నావు?"

"హద్దు చెబుతున్నా ఆంటీ. నేను ఎక్కడ నడిస్తే అదే దానికి హద్దు."

దేవకుమారి చటుక్కున ముందుకెళ్లి, గట్టుకి నాలుగడుగులు ఇవతల మిరపమొక్కల మధ్య నిలబడింది. "అయితే ఇక్కడ నడువు."

"ఏం దేవకుమారీ, చేను కొలతలు మార్చేస్తున్నావా?" అని అరిచాడు బాపయ్య.

"నాలుగడుగులేనండీ!"

"నాలుగడుగులు చాలవాంటీ" అంది సిద్దికా మెల్లగా. "గాలుంటే తుంపర ఎంత దూరం పోతుందో నేనే చెప్పలేను."

దేవకుమారి గబగబా ఇంటికి నడిచింది. తిరిగొచ్చినప్పుడు చేతిలో ఆదివారం కట్టుకునే తెల్లచీర, దానికి పెట్టే నీలిమందు సీసా ఉన్నాయి. "ముందు ఉత్త నీళ్లు పోసి తిప్పు తల్లీ. అందులో ఇది కలుపు" అని, చీరని గట్టు మీద పొడవుగా పరిచింది.

డ్రోను రయ్యిమని చేనంతా తిరిగి దిగింది. చీర సగం మేర నీలం చుక్కలు, దద్దుర్లు పోసినట్టు.

"బంగారంలాంటి చీర పాడుచేసుకున్నావు గదమ్మా" అన్నాడు బాపయ్య.

"చీర మీద కాబట్టి కనపడిందండీ. మందు తోటకూర మీద పడితే కనపడుద్దా?"

ఆయన వంగి ఒక చుక్కని వేలితో రుద్ది చూశాడు. "పదడుగులు వదిలితే?"

"పదడుగులు వదిలి, రేపు పొద్దున్నే గాలి లేవకముందు తిప్పుదామండీ" అంది సిద్దికా.

"మరి ఆ అంచున ఉన్న మిరప పురుగుల పాలేనా?"

"చేతిపంపుతో నేను కొడతా, చేనువైపు తిరిగి. కూలి అడగను."

"ఇంట్లో పసిపిల్లను పెట్టుకుని నువ్వు మందు కొడతావా? నోరు మూసుకో. హయాత్ కొడతాడు."

మర్నాడు తెల్లవారుతూనే చీర మచ్చల్లేని కొస పరిచారు. నీలం నీళ్లతో డ్రోను మళ్లీ తిరిగింది. ముగ్గురూ వంగి వెతికారు. "ఇదిగో ఒకటి!" అన్నాడు బాపయ్య, ఏదో గెలిచినట్టు. దేవకుమారి ఒక్క అంగలో అక్కడికి చేరింది. సిద్దికా దగ్గరగా చూసి నవ్వింది. "డ్రోనుది కాదండీ. పిట్ట రెట్ట."

అప్పుడు గానీ ట్యాంకులో మందు పోయలేదు. అది అయ్యాక హయాత్ వచ్చి అంచు మొక్కలకి కొట్టాడు. అతనికి తెలిసిన పనే అయినా దేవకుమారి "అటు తిరుగు!" అని కేకపెట్టింది. అలవాటు.

బాపయ్య వెళ్తూ వెళ్తూ ఆగాడు. "మా ఆవిడ బెండకాయలు అడుగుతోంది. ఆ... నిన్న మచ్చలు పడని వైపు కొయ్యి."

"నిన్న పడ్డవి నీళ్లేనండీ!"

"అయినా సరే."

చీరకి పడ్డ నీలం ఎంత ఉతికినా పూర్తిగా పోలేదు. దేవకుమారి దాన్నే కట్టుకుని చర్చికి వెళ్లింది, అడిగిన వాళ్లందరికీ కథ మొదటినుంచీ చెప్పింది.

ఆ నెల అంగన్‌వాడీలో పిల్లను మళ్లీ తూచారు. టీచరు పెట్టిన చుక్క గీత దాటి పచ్చరంగులో పడింది, అంచు మీద. దేవకుమారి కార్డు అందుకుని దగ్గరగా ఒకసారి, దూరంగా ఒకసారి చూసింది.

"ఇంకాస్త పైన పెట్టకూడదా టీచరమ్మా?"

"తినిపించి తీసుకురా, పెడతాను."