తిరువొత్తియూరులో అన్నయ్య దరువు ఆపేసిన రోజు

అన్నయ్యకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి స్వాధీనం తప్పేనాటికి, మేమిద్దరం ఒప్పుకున్న కచేరీలు ఇంకా చాలా ఉన్నాయి. పెళ్లి రిసెప్షన్లలో, క్లబ్బుల వార్షికోత్సవాల్లో నేను గిటారు మీద సినిమా పాటలు వాయించేదాన్ని. ఆయన పక్కన కూర్చుని రిథమ్ ప్యాడ్ మీద కర్రలతో దరువు వాయించేవాడు. పాడేవాళ్లు ఉండరు. గిటారే పాడాలి, ఆయన దరువే నడిపించాలి. చింతాద్రిపేటలో మా ఇంటి ముందుగదిలో చిన్నప్పుడు మొదలైన జోడీ అది. మూడో మనిషి అవసరం మాకెప్పుడూ రాలేదు.

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రోజు, మంచం మీద సరిగ్గా కూర్చోకముందే ఆయన నన్ను అడిగాడు.

"పురసవాక్కం పెళ్లివాళ్లకి ఏం చెప్పినావు?" మాట అప్పటికింకా ముద్దగా వస్తోంది.

"ఏమీ చెప్పలేదన్నా. వేరే ఎవురినన్నా పిలుద్దామా అని..."

"వేరే ఎవురూ వొద్దు. ట్రాక్ పెట్టుకో. ఇప్పుడు అందురూ అదే చేస్తా ఉండారు."

ట్రాక్ అంటే పాటలో గొంతు తీసేసి మిగిలిన వాయిద్యాలన్నీ ముందే రికార్డు చేసి ఉంచినది. ల్యాప్‌టాప్‌లో దాన్ని నొక్కి, స్పీకర్లలో అది మోగుతుంటే దాని మీద నేను వరస వాయించాలి. వినడానికి ఇంత సులువైనది లేదు. మరుసటి ఉదయం భోజనాల బల్ల దగ్గర కూర్చుని వెతకడం మొదలుపెట్టాక తెలిసింది, ఒక్కటీ నాకోసం చేసింది కాదని. అన్నీ పాడేవాళ్ల కోసం చేసినవి. వాళ్ల గొంతుకు హాయిగా ఉండే శ్రుతి నా గిటారు మీద మరీ కిందికి పోయి బురదలో కాలు పెట్టినట్టు ఉంటుంది. కంప్యూటర్‌లో శ్రుతి పెంచితే డ్రమ్స్ డొల్లగా మోగుతాయి. కొన్నిట్లో గొంతు ఆగిన ప్రతిచోటా వేణువు దూరిపోతుంది, నేను ఊపిరి తీసుకునే చోటు కూడా మిగల్చకుండా. కొన్నిటికి ముగింపే లేదు, మెల్లగా సన్నగిల్లి మాయమైపోతాయి. వేదిక మీద మనిషి అలా మాయమవ్వలేడు కదా.

బల్లకూ అన్నయ్య మంచానికీ మధ్య ఒక తెర మాత్రమే. నేను వినే ప్రతిదీ ఆయనకు వినిపిస్తుంది. ఇయర్‌ఫోన్లు చెవిలో పెట్టుకుని వింటే ఆయన దగ్గర దాస్తున్నట్టు ఉంటుంది. పైకి పెడితే గుచ్చుతున్నట్టు ఉంటుంది. పైకే పెట్టాను. తెర వెనక నుంచి మంచం కిర్రుమన్న చప్పుడు మాత్రం వచ్చేది. ఏదో ఒకటి తిట్టినా బాగుండేది. ఒక పాటకు ట్రాక్ మరీ నాసిగా ఉంటే మా వదినే వంటింట్లోంచి వచ్చి, "అది నిలిపెయ్ మా, ఆయన కళ్లు మూసుకునుండారు," అని మెల్లగా చెప్పి వెళ్లింది.

పురసవాక్కం రిసెప్షన్‌కు ఉన్నవాటిలో నయమైనవి ఏరుకుని వెళ్లాను. అంతవరకూ ఎన్నడూ లేని భయం. పెళ్లికూతురు మండపం గుమ్మంలో కనిపించగానే ఒక పాట ఎత్తుకోవాలి, ఆమె వేదిక ఎక్కేవరకూ అది సాగాలి. ఎత్తుకున్నాను. దారిలో ఎవరో పెద్దావిడ పెళ్లికూతుర్ని ఆపి ముద్దుపెట్టుకుంది, ఫొటోగ్రాఫరు వెనక్కి నడిచి మళ్లీ రమ్మన్నాడు. అన్నయ్య ఉంటే నా వైపు ఒక చూపు చూసేవాడు, ఇద్దరం మళ్లీ పల్లవికి వెళ్లేవాళ్లం. ట్రాక్‌కు అవేమీ తెలియవు. పెళ్లికూతురు ఇంకా కుర్చీల మధ్యే ఉండగా అది ఢామ్మని ముగిసిపోయింది. అంత పెద్ద హాల్లో ప్లేట్ల చప్పుడు ఒక్కటే. నేను ఒంటరిగా ఏదో మీటుతూ నెట్టుకొచ్చాను. పెళ్లివాళ్లు ఒక్క మాట అనలేదు గానీ, ఏర్పాట్లు చూసే ఆయన నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

ఇంటికొచ్చాక నాకు తోచిన ఉపాయం ఒక్కటే. మేం సాధన చేసినప్పుడల్లా ల్యాప్‌టాప్‌లో రికార్డు చేసేవాళ్లం. గిటారు వేరుగా, ఆయన దరువు వేరుగా ఉండేవి. ఆ దరువే తీసుకుని, కంప్యూటర్‌లో కింద కాస్త బేస్ గిటారు, కాస్త వయొలిన్లు చేర్చుకుంటే? ఆయన చెయ్యి నా పాటలకు అలవాటైన చెయ్యి. దానికంటే మంచి ట్రాక్ ఈ ఊళ్లో దొరకదు.

అడగడం వాయిదా వేస్తూ వచ్చాను. చివరికి ఇడ్లీ తింటున్నప్పుడు అడిగేశాను. ఆయన ఎడంచేత్తో ఇడ్లీ తుంచి చట్నీలో అద్దాడు.

"వేసుకో," అన్నాడు.

"నిజంగానా అన్నా?"

"వేసుకో అంటా ఉండా కదా. ఎన్ని సార్లు చెప్పేది?"

వదిన నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది. వద్దని చెబుతోందో, ఇప్పుడేమీ మాట్లాడకు అంటోందో అర్థం కాలేదు. నేను ట్రాకులు సిద్ధం చేసుకున్నాను.

తర్వాతి కచేరీ తిరువొత్తియూరులో, ఒక ఫ్యాక్టరీ ఉద్యోగుల క్లబ్బు వార్షికోత్సవం, పగటిపూట. అన్నయ్య తానూ వస్తానన్నాడు. జబ్బు చేశాక ఇల్లు దాటి అంతదూరం రావడం అదే మొదలు. ముగ్గురం ఆటోలో వెళ్లాం. హాల్లో ఆయన్ని ముందువరసలో కూర్చోబెట్టి, వదిన పక్కన కూర్చుంది. చేతికర్ర మోకాళ్ల మధ్య నిలబెట్టుకున్నాడు.

మొదటి పాటకు ల్యాప్‌టాప్ నొక్కగానే ఆయన దరువు స్పీకర్లలోంచి హాలంతా నిండింది. వేదిక మీద నా ఎడంపక్క ఖాళీగా ఉంది, అక్కడ వాయించాల్సిన మనిషి కింద కూర్చుని నన్ను చూస్తున్నాడు. మొదటి పాట బాగానే గడిచింది. రెండోదీ గడిచింది. మూడోది వేగమైన పాట. సంతోషంగా ఉన్నప్పుడు అన్నయ్యకు ఒక అలవాటు ఉంది, చరణంలోకి వెళ్లేటప్పుడు ఒక పిసరు తొందరపడతాడు. అలా తొందరపడితే నేను కొంచెం బరువుగా మీటి వెనక్కి లాగేదాన్ని, ఆయన నవ్వుతూ దారికొచ్చేవాడు. ఆ తొందర రికార్డులో ఉంది. నేను బరువుగా మీటాను. ఎవరు ఆగుతారు? దరువు ముందుకు పరుగెత్తింది. అలవాటు కొద్దీ కింద ఉన్న అన్నయ్య వైపు చూశాను. ముఖమంతా ఎర్రబడి ఉంది. ఎడంచేత్తో కర్రను గట్టిగా పట్టుకుని లేచాడు. వదిన చెయ్యి అందించబోతే విదిలించుకుని, కుర్చీల మధ్య నుంచి కాలు ఈడ్చుకుంటూ తలుపు వైపు నడిచాడు.

పక్షవాతం మళ్లీ వచ్చిందేమో అనుకున్నాను. ఆ మాట తప్ప ఇంకేమీ బుర్రలో లేదు. అయినా వేళ్లు వాయిస్తూనే ఉన్నాయి, మధ్యలో ఆపితే హాలంతా అటు తిరిగి చూస్తుంది. ఆ చరణం ఎంత పొడుగో ఆ రోజు తెలిసింది. పాట ముగిసేసరికి తలుపు దగ్గర వదిన కనిపించింది, ఒంట్లో బాగానే ఉందన్నట్టు చెయ్యి ఊపింది.

తర్వాతి పాటకు కూడా ఆయన దరువే ఉంది. జనం ఎదురుచూస్తున్నారు. నా వేలు ల్యాప్‌టాప్ మీద ఆగిపోయింది. ఏం ఆలోచించానో చెప్పలేను. దరువు వరకూ ఆపేసి, బేస్, వయొలిన్లు మాత్రం ఉంచి నొక్కాను. అలా ఒక్కసారి కూడా సాధన చేసింది లేదు. లయ మొత్తం నా బొటనవేలి మీద పడింది. అది నెమ్మది పాట. కొంచెం జారినా బేస్ నన్ను వదిలేసి వెళ్లిపోతుంది. తల ఎత్తకుండా, ప్రతి మీటూ లెక్కపెట్టుకుంటూ వాయించాను. చప్పట్లు వినబడ్డాకే తల ఎత్తాను.

కచేరీ అయ్యాక బయటికి పరుగెత్తాను. క్యాంటీన్ వరండాలో బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. సముద్రం గాలికి చొక్కా ఎగురుతోంది. వదిన టీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది.

"ఏమైందన్నా? ప్రాణం పోయినట్టయింది నాకు."

"ఏమీ కాలేదు. లోపల కూర్చోలేకపోయినా."

"నువ్వే కదా వేసుకోమన్నావు."

"వేసుకోమనే చెప్పినా. వినేదాకా నాకు మాత్రం ఏం తెలుసు పా?" గొంతు పెంచాడు. "ఆడ తప్పు కొడతా ఉండా. అది తప్పని నాకు తెలుస్తా ఉండాది. దిద్దేదానికి చెయ్యి లేదు. ఎట్ల కూర్చునేది చెప్పు?"

"ఎవురికీ తెలీలేదన్నా."

"నీకు తెలిసింది. నన్ను చూసినావు."

వదిన టీ గ్లాసు ఆయన చేతికిచ్చింది. ఆయన రెండు గుక్కలు తాగాడు.

"అప్పురం, నేను లేచొచ్చినాక, వాయించిన పాటకి దరువు ఏల తీసేసినావు?"

"నువ్వు లేచి పోయినావని. అది పెట్టబుద్ధి కాలేదు. బయటికి వినపడిందా?"

"ఈడికి అంతా వినపడతాది." గ్లాసు పక్కన పెట్టాడు. "అది బాగుండింది. వయొలిన్లు కూడా తీసెయ్. శాన ఎక్కువ."

వదినకు నవ్వొచ్చింది, నాకు ఏడుపొచ్చింది.

ఆ వారం నుంచి ట్రాకుల పని ఆయన చేతికెళ్లింది. మంచం దిగి బల్ల దగ్గరికొచ్చాడు. తన దరువు ఉన్న రికార్డులు ఒక్కటీ వాడనివ్వలేదు. వేగమైన పాటలకు దరువును నోటితో చెబుతాడు, నేను కంప్యూటర్‌లో ఒక్కొక్క దెబ్బా పెడతాను. నచ్చకపోతే ఎడంచెయ్యి బల్ల మీద చరుస్తాడు. నెమ్మది పాటలకు మాత్రం దరువు పెట్టనివ్వడు. నాకేమో అది లేకపోతే భయం. ఒక్కో పాట మీద పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా కొట్లాడుకున్నాం. వదిన తలుపు దగ్గరగా వేసి పక్కింటికి వెళ్లిపోయిన రోజులున్నాయి.

ఆయన కుడిచెయ్యి కొంత స్వాధీనంలోకి వచ్చింది. చెంచా పట్టుకుంటాడు, ప్యాడ్ కర్ర పట్టలేడు.

మొన్న ఒక కచేరీకి బయలుదేరుతుంటే ఒక పాటకు ట్రాక్ కనిపించలేదు. పోయిందేమోనని కంగారుగా అడిగాను.

"నేనే తీసేసినా," అన్నాడు. "దానికి ఏమీ వొద్దు. నువ్వు ఒక్కదానివే వాయించు."

"నా వల్ల కాదన్నా. మధ్యలో ఆగిపోతే?"

"ఆగితే ఆగుతావు. మళ్లా ఎత్తుకుంటావు. ఆటో వచ్చినాది, పో."

గొడవ పెట్టుకునే వ్యవధి లేదు. ఆ సాయంత్రం ఆ పాట దగ్గరికి వచ్చేసరికి ల్యాప్‌టాప్ మూత సగం దించి, చెయ్యి తుడుచుకుని మొదలుపెట్టాను. రెండో చరణంలో ఒకచోట తడబడ్డాను కూడా. భోంచేస్తున్నవాళ్లు భోంచేస్తూనే ఉన్నారు, ముందువరసలో ఒకాయన మాత్రం తినడం ఆపి చివరిదాకా విన్నాడు. ఇంటికెళ్లి అన్నయ్యకు ఆ తడబాటు సంగతి చెప్పాను. ఎక్కడ అని అడిగాడు. వాయించి చూపించాను.