ఆ చుక్కల పేరు

నాకు రెండేళ్ళు నిండకముందే పోలియో వచ్చి కుడికాలు చచ్చుబడింది. పెద్దముడియం దగ్గర పల్లె మాది. నన్ను చంకనేసుకుని అమ్మ జమ్మలమడుగు ఆసుపత్రికి తిరిగిన తిరుగుళ్ళు నాకు గుర్తు లేవు. కాలికి కట్టిన ఇనుప కడ్డీలూ, తోలుపట్టీలూ మాత్రం గుర్తే. వాటితోనే చదువుకున్నాను, టీచరునయ్యాను.

ఆ మధ్య మోకాలి దగ్గర పట్టీ తెగితే ప్రొద్దుటూరు వెళ్ళాను. అక్కడొక ముస్లిం పెద్దాయన, వాళ్ళ నాయన కాలం నుంచీ నాలాంటివాళ్ళకు పట్టీలు, బూట్లు కుట్టి ఇస్తాడు. ఆయన కుడుతుంటే అటక మీద చెక్కతో చేసిన బుల్లి పాదాలు కనిపించాయి. బూట్లు కుట్టే అచ్చులవి. అరచేతిలో ఇమిడేంత ఉన్నాయి. దుమ్ము పేరుకుపోయి ఉంది.

"అవి పిల్లోళ్ళవి గదా మామా? తీసి శానా దినాలయిందా?"

"దినాలేంది టీచరమ్మా, ఏండ్లు! మా నాయనున్నప్పుడు తల్లులు పిల్లోళ్ళనెత్తుకోని ఈ అరుగు మీద వరసగా కూర్చోనుంటాండ్రి. ఇప్పుడొచ్చేదంతా నీ వయసోళ్ళే. పిల్లోళ్ళు రారు."

"అయితే నీ పని పాయె గదా?"

"పోనీమ్మా! ఇట్లాంటి పని పోతేనే మంచిది. బ్యాగులు కుట్టుకుంటాండా, చెప్పులు కుట్టుకుంటాండా. అల్లా దయ."

పిల్లోళ్ళు రారన్న ఆ మాట నన్ను వదల్లేదు. ఇన్నేళ్ళ నా ఉద్యోగంలో నాలా నడిచే పిల్లలు ఒక్కరూ నా తరగతికి రాలేదని అప్పుడు తట్టింది. పులివెందులలో పెళ్ళికి వెళితే, పందిట్లో ఆడుకునే పిల్లల కాళ్ళనే చూస్తూ కూర్చున్నాను. అందరూ పరుగెత్తేవాళ్ళే.

తిరుగు ప్రయాణం పోలియో ఆదివారం నాడు పడింది. బస్సు కదలబోతుండగా చుక్కల మందు పెట్టె భుజాన తగిలించుకుని ఒకామె ఎక్కింది.

"ఒక్క నిమిషం ఆపప్పా, చుక్కలేసి దిగుతా," అంటే డ్రైవరు ఇంజను ఆపేశాడు.

నా పక్కన తుమ్మలపల్లె అమ్మాయి, ఒళ్ళో కొడుకు. వాడు మూతి వికారంగా పెట్టి రెండు చుక్కలూ మింగాడు. చిటికెన వేలికి సిరా గుర్తు పడింది. బస్సు కదిలాక ఆ అమ్మాయి నా కాలు చూసింది.

"ఏమైందక్కా?"

"పోలియో."

"పోలియోనా? అది ఆ చుక్కల పేరు గదక్కా! కువైట్‌లో ఉండే మా ఆయన గూడా అడుగుతాంటాడు, పోలియో ఏపిచ్చినావా అని. అదొక రోగమని నాకు తెలీనే తెలీదు."

ఊహ తెలిసినప్పటి నుంచీ నేను మోస్తున్నది, ఆమెకు వట్టి మందు పేరు. ఏయే దేశాల్లోనో, ఎంతమందో, ఇంటింటికీ మంచుపెట్టెలు మోసి మోసి దాన్ని ఇంతదాకా తరిమారు. నా తర్వాత ఈ సీమలో నాలాంటి నడక ఉండదు కాబోలు. అంత పెద్ద సంతోషాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

సంచులు సర్దుకోవడానికి ఆ అమ్మాయి కొడుకుని నా ఒళ్ళో నిలబెట్టింది. వాడు నా తొడ మీద రెండు కాళ్ళూ ఊని ఎగిరెగిరి తొక్కాడు. పట్టుకోవడానికి నా రెండు చేతులూ చాలలేదు.