గేటు దగ్గరి గొర్రెలు

మొన్న మంగళవారం పొద్దున కల్హేర్ నుంచి అత్త ఫోన్ చేసింది. "మీ మామ పోయిండు బిడ్డా" అని ఒక్క మాట చెప్పి ఫోన్ పెట్టేసింది. నేను నారాయణఖేడ్‌లో ఆటో ఎక్కి వెళ్లేసరికి ఆయన్ని వాకిట్లో పడుకోబెట్టారు. మా అమ్మకు ఒక్కడే తమ్ముడు.

మామ గొర్రెల కాపరి. నా చిన్నప్పుడు ఒక చంకలో గొర్రెపిల్లను, ఇంకో చంకలో నన్ను ఎత్తుకుని తిరిగేవాడట. రెండేళ్లు వరసగా వానల్లేక మందను అమ్ముకుని ఖతర్ పోయాడు. అక్కడా అదే పని. యజమాని మంద మేసేది మాత్రం సరిహద్దు అవతల, పక్కనున్న పెద్ద దేశంలో. ఆ ఎడారిలో, రేకుల షెడ్డులో ఏడేళ్లున్నాడు. ఎప్పుడు ఫోన్ చేసినా మొదటి మాట "వాన పడ్డదా బిడ్డా?" అనే.

ఒక ఎండాకాలం ఆ పెద్ద దేశంలో పెత్తనం చేతులు మారింది. ముసలి రాజు ఉండగానే కొడుకు మాట చెల్లుబాటయ్యింది. "రాజు ఎవరైతేంది, గొర్రెకు గడ్డే గద అనుకున్నం" అని మామ తర్వాత చెప్పాడు. ఆ రోజుల్లోనే రెండు దేశాలకూ చెడింది. ఖతర్ వాళ్ల జీవాలన్నీ వెంటనే వెళ్లిపోవాలని పోలీసులు వచ్చి చెప్పారు.

మామ, తోటి కాపరి అయిన ఒక సూడాన్ ముసలాయన, మందను తోలుకుని సరిహద్దు చేరారు. అప్పటికే అక్కడ వేల జీవాలు. గేటు మూసి ఉంది. రోజుకు కొన్నింటినే వదులుతున్నారు. నీడ లేదు. ట్యాంకరు వచ్చిన పూట తొక్కిసలాటలో కొన్ని, రాని పూట ఎండకు కొన్ని చచ్చిపోయేవి. మనుషులు కావాలంటే పోవచ్చన్నారు. సూడాన్ ఆయన తనతో రమ్మని మామ చేయి పట్టి లాగాడట. మామ కదల్లేదు.

ఐదు రోజులు తాను తాగే నీళ్లనే ఈనబోయే గొర్రెల నోట్లో సీసా మూతలతో పోశాడు. మిగతావాటికి పోయలేదు.

"దేనికి పొయ్యాలె, దేన్ని ఇడవాలె అని నేనే తీర్మానం చేసిన. గా పాపం నాదే" అనేవాడు.

నూట ఎనభైలో నలభై మాత్రమే గేటు దాటాయి. యజమాని వాటిని చూసుకున్నాడు, మామను చూడలేదు. మరుసటి నెల ఇంటికి పంపేశాడు.

వచ్చాక మామ మళ్లీ మందను పెట్టలేదు. మార్కెట్లో బస్తాలు మోశాడు. ఓట్ల లెక్కింపు రోజు ఊరంతా పటాకులు పేలుస్తుంటే ఆయన బిందెలు, బకెట్లు, చివరికి చెంబులు కూడా నింపేవాడు.

"నల్లా ఏమన్న బందయిందా? ఉట్టిగ పరేషాన్ చేస్తవ్" అని అత్త విసుక్కునేది.

"కుర్సీ మీద మనిషి మారిండు. నింపనియ్యి."

మేం నవ్వేవాళ్లం. అందులో నేనూ ఉన్నానని ఇప్పుడు సిగ్గేస్తోంది.

పోయిన నెల దవాఖానలో పక్కన కూర్చుంటే, అంతకుముందు ఎవరికీ చెప్పని సంగతి నాకు చెప్పాడు. నన్ను నమ్మి చెప్పినందుకు ఆయనకు రుణపడి ఉంటాను.

"గేటు తెరిసినంక మన తీరుగ కూత పెట్టిన బిడ్డా. ఏడేండ్లల్ల గవి మన కూతనే నేర్సుకున్నయ్. శాతనైనవి లేసి నా యెంట నడిసినయ్." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "లేవలేనివి గూడ తలకాయలెత్తి నా దిక్కు చూసినయ్."