మా అత్త నేర్పిన అడ్డపొగ

చుట్ట తాగే ముసలమ్మను చూస్తే మీకు ఎందుకు నవ్వొస్తుంది? అందులోనూ నిప్పు అంటుకున్న కొసను నోట్లో పెట్టుకుని, చల్లటి కొసను బయటకు వదిలి తాగే మా శ్రీకాకుళం ఆడవాళ్ళు కనబడితే ఫోను తీసి వీడియో ఎందుకు పడతారు? దాన్ని అడ్డపొగ అంటారు. మీరు మూఢత్వం అంటారు. కారణం అడగకుండా తీర్పు చెప్పడాన్ని ఏమంటారో కూడా ఆలోచించండి.

మా మేనత్తది నౌపడ దగ్గర ఊరు. ఒంట్లో సత్తువ ఉన్నంతకాలం ఉప్పు మడుల్లో పనిచేసింది. మొన్నటి ఎండాకాలం చూడ్డానికి వెళ్ళాను. భోజనాల దగ్గర కారం తెలియడం లేదని కోడలి చేత కూరలో ఇంకాస్త కారం వేయించుకుంది. ఆ కూర నేను నోట పెట్టలేకపోయాను. తిన్న చెయ్యి కడుక్కుని ఆమె చుట్ట అందుకోగానే నేను నా వాదం అందుకున్నాను. పొగాకు ఏం చేస్తుందో, నోటి కేన్సర్ ఎలా వస్తుందో నేను ఉపన్యాసాలిచ్చే సభల్లో చెప్పినట్టే చెప్పాను. ఆమె అంతా విని నింపాదిగా అడిగింది.

"ఒరే అల్లుడా, నువ్వెప్పుడైనా కాల్సినావేటి?"

లేదన్నాను.

"మరి రుసి తెలీకండా తగువేటిరా? రా, ఇలా కూకో."

పొగాకు తీసి, మధ్య ఈనె లాగేసి, తడి చేత్తో మెత్తబరిచి, తొడ మీద పెట్టి చుట్టి దారం కట్టింది. మొదటిసారి కాబట్టి అందరిలాగే తాగమంది. పొగ గొంతు దాటకూడదని, నోట్లోనే కాసేపు ఉంచి వదలాలని చెప్పింది. నేను మింగేశాను. దగ్గు ఆగలేదు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోడలు మంచినీళ్ళు తెచ్చి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

"మైకు అట్టుకుంటే ఒగ్గవంట గదా. ఇంత పొగకే మాట పడిపోనాదేటి?" అంది అత్త.

ఊపిరి తిరిగాక, నిప్పు లోపలికి పెట్టుకోవడం ఎందుకని అడిగాను. వాదానికి కాదు, తెలుసుకుందామనే అడిగాను. ఆమె చెప్పింది. తల మీద ఉప్పు గంప, రెండు చేతులూ గంపకే. సముద్రం మీంచి ఆగని గాలి. నిప్పు బయట ఉంటే చుట్ట ఆరిపోతుంది, లేదా నిప్పురవ్వ ఎగిరి వెనక వచ్చే మనిషి కంట్లో పడుతుంది. ఆగి తాగుదామంటే మేస్త్రి ఊరుకోడు. నిప్పు లోపలికి తిప్పి పెదవులు మూసుకుంటే గాలితో పని లేదు, ఒక్క చుట్టే చాలాసేపు వస్తుంది, ఆకలి తెలియదు. పెళ్ళై వచ్చిన కొత్తలో ఆమెకు వాళ్ళ అత్తగారే దగ్గరుండి నేర్పిందట. నేను సిద్ధం చేసుకున్న వాదంలో ఆ గాలి లేదు, ఆ గంప లేదు.

నిప్పు ఎక్కడ నిలవాలో, నాలుక ఎంత కిందికి ఉండాలో చూపిద్దామని ఆమె అరుగు మీద ఎండకెదురుగా నోరు బాగా తెరిచింది. అంగిలి తెల్లగా గట్టిపడి ఉంది. ఆ తెలుపులో ఎర్రటి చుక్కలు. ఒక పక్కన అంచులు లేచిన పుండు.

ఆ పుండు ఎన్నాళ్ళ నుంచి ఉందని అడిగాను.

"పుండేటి? మంట లేదు, నొప్పి లేదు. కొత్తల్లో కాలీది. ఇప్పుడు నా నోరు గట్టిపడిపోనాది."

అక్కడి ఆడవాళ్ళ లెక్క అదే. మొదట కాలుతుంది, పోనుపోను కాలడం మానేస్తుంది, మానేస్తే విద్య వచ్చినట్టు. అంగిలి మొద్దుబారిపోయిందని, కూరలో కారం కూడా అందుకే తెలియడం లేదని వాళ్ళకు చెప్పినవారు లేరు.

ఆస్పత్రికి వెళ్దామంటే మొహం తిప్పుకుంది. సంగతి కోడలు చెప్పింది. వెనకోసారి పన్ను నొప్పికి టౌన్లో ఏదో ఆస్పత్రికి వెళ్తే, చుట్ట ఎలా తాగుతావని అడిగారట. అత్త తాగి చూపించిందట. గదిలో వాళ్ళంతా పకపకా నవ్వి, మరో ఇద్దర్ని కూడా పిలిచి చూపించారట.

"ఆళ్ళ ముందు మల్లీ నోరు తెరవనురా. సస్తే సస్తాను," అంది అత్త.

అంతవరకు ఆమె చుట్టతోనే నాకు పేచీ అనుకున్నాను. ఆమెను చావుకు దగ్గర చేస్తున్నది చుట్ట ఒక్కటే కాదు, చదువుకున్నవాళ్ళ ఆ నవ్వు కూడా. నా దగ్గరున్న ఏ వాదమూ దానికి జవాబు కాదు. ఎవరైనా నవ్వితే ఆ క్షణమే లేచి వచ్చేద్దామని, అక్కడ నేను ఒక్క ముక్క మాట్లాడనని మాటిచ్చాను. ఆమె ఇంకో షరతు పెట్టింది.

"దార్లో కూడా ఉపన్యాసం సెప్పకూడదు."

సరేనన్నాను.

విజయనగరం దాకా రైల్లో నోరు మూసుకుని కూర్చున్నాను. అక్కడి డాక్టరమ్మ చుట్ట సంగతి తర్వాత అడిగింది, ముందు ఏం పని చేసేదానివని అడిగింది. ఉప్పు మడులని చెప్పి అత్త తనంతట తనే నోరు తెరిచింది. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. కేన్సరే. కానీ ముదరలేదు, ఆపరేషన్ చేసి తీసేశారు. ఇప్పుడు ఆమె మెత్తటి అన్నం తింటోంది, కారం ఎక్కువైందని కోడల్ని తిడుతోంది. చుట్ట పూర్తిగా మానేసిందా అంటే, ప్రతి పూటా మానుతూనే ఉంది. చెయ్యి ఇంకా చుట్టలు దాచుకునే కొంగుముడి వెతుక్కుంటుంది.

మీ ఇంట్లోనో, మీ వీధిలోనో, మీరు చేపలు కొనే బజార్లోనో అడ్డపొగ తాగే మనిషి ఉండే ఉంటుంది. ఆమె నొప్పి లేదంటుంది, నమ్మకండి. వాదించకండి. పక్కన కూర్చుని ఆమె చెప్పేది వినండి. ఈ వారమే ఆమెను వెంటబెట్టుకుని ఆస్పత్రికి వెళ్ళండి. ఆమె నోరు తెరిచినంతసేపూ ఆ గదిలో ఆమె పక్కనే నిలబడండి.