కో మేస్త్రీ వేసిన పైపులు

అరవై రెండో ఏట కో వెన్‌ఛీ మేస్త్రీకి మోకాళ్లు మొరాయించాయి. చలికాలమంతా వానలు కురిసే మా రేవు పట్నం కీలుంగ్‌లో పాత ఇళ్లన్నీ అయిదంతస్తులవి, లిఫ్టు లేనివి. నీళ్ల పైపులు బాగుచేసేవాడికి కబురు ఎప్పుడూ అయిదో అంతస్తు నుంచే వస్తుంది. ట్యాంకు నెత్తిమీదే ఉన్నా నీళ్లు జోరుగా రానిది ఆ ఇంటికే. నీళ్లకు దూకుడు రావాలంటే ఎత్తు కావాలి, ఆ ఎత్తు కిందివాళ్లకే దక్కుతుంది. ఈ మాట ఆయన నాకు వందసార్లు చెప్పి ఉంటాడు. నేను టైల్స్ పనివాణ్ణి. ఆయన పగలగొట్టిన గోడ నేను పూడుస్తాను. పంతొమ్మిదేళ్లుగా మా స్నేహం అదే.

ఆ జనవరి వానల్లో పిలిచినావిడ పేరు త్సెంగ్ పీయున్. ఆవిడ భర్త రేవులో క్రేన్ నడిపేవాడు. పక్షవాతం వచ్చి నాలుగేళ్లయింది. వాళ్లింట్లో అప్పటికి మూడు గ్యాస్ గీజర్లు మారాయి. పైపులో నీళ్లు కాస్త జోరుగా పారితే తప్ప గ్యాస్ గీజర్ వెలగదు. వాళ్లింట్లో ఎలాగో వెలిగినా, వంటింట్లో కుళాయి తిప్పితే చాలు, ఆరిపోయేది. ఒంటినిండా సబ్బుతో వణుకుతున్న భర్తకు తువ్వాలు చుట్టి, పీయున్ స్టౌ మీద నీళ్లు కాచి బకెట్టుతో మోసేది.

ఈసారి ఇంకా పెద్ద గీజర్ పెట్టమంది ఆవిడ.

"తప్పు గీజర్‌ది కాదక్కా," అన్నాడు కో మేస్త్రీ. "నీళ్లే రాకపోతే అది మాత్రం ఏం కాచి పోస్తుంది?"

బాత్రూమ్ గోడ పగలగొట్టాం. లోపల అరంగుళం ఇనప పైపు. తుప్పు పేరుకుపోయి పెన్సిలు దూరేంత సందు మిగిలింది. ఆ పైపు వంటింటి చుట్టూ తిరిగి, అక్కడి కుళాయికి నీళ్లిచ్చి, బాల్కనీలో గీజర్ దాకా పోయి, మళ్లీ వెనక్కి వస్తోంది. దారిలో పదకొండు వంపులు. ఒక వంపు పక్కన సిమెంటు మీద మేకుతో గీసిన అక్షరం కనిపించింది. మేస్త్రీ టార్చి అక్కడే ఆపి చాలాసేపు చూశాడు. అది ఆయన ఇంటిపేరు.

ముప్ఫై ఒక్కేళ్ల కిందట ఆయన ఒక కాంట్రాక్టరు దగ్గర పనిచేసేవాడు. రెండు రోజులకో అంతస్తు ముగించాలి. అడ్డుగోడ కొడితే దగ్గర దారి. కొట్టే ఓపిక లేక పైపును చుట్టూ తిప్పేశాడు.

చెప్పొద్దని, ఎవరికీ తెలియదని నేను గొణిగాను. ఆయన వినకుండా గోడ పట్టుకుని లేచి వంటింట్లోకి వెళ్లాడు. పీయున్ బియ్యం కడుగుతోంది.

"అక్కా, ఈ పైపులు వేసింది నేనే. సరిగా వెయ్యలేదు."

ఆవిడ చేతులు ఆగాయి. "వంటింట్లో నేను నీళ్లు తగలేయడం వల్లే గీజర్ ఆరిపోతోందని మా అత్త పోయేదాకా తిట్టింది," అంది. "ఆవిడకిప్పుడు ఎవరు చెప్తారు?"

కాసేపటికి ఆవిడ రెండు గిన్నెల్లో నూడుల్స్ తెచ్చి మా ముందు పెట్టింది. తిని పని చూడమంది.

టైల్స్ అట్టపెట్టె చింపి, ఆయన దానిమీద ఆ ఇంటి బొమ్మ గీశాడు. డాబా మీద ట్యాంకు పక్కనే నీళ్లు తోసే కొత్త పంపు. అక్కణ్ణుంచి లావు పైపు తిన్నగా కిందికి. వంటింటికి వేరే పాయ. గీజర్ బాల్కనీలో ఈ చివరికి, బాత్రూమ్ గోడ వెనక్కి జరగాలి, వేడినీళ్లు దారిలో చల్లారకుండా. చన్నీళ్లు కూడా అదే పంపు నుంచి రావాలి. లేకపోతే జోరెక్కువున్నది రెండోదాన్ని నెట్టేస్తుంది.

పని ఆరు రోజులు పట్టింది. పంపు నేను మోశాను. నాలుగో రోజు నుంచి ఆయన కమ్మీ పట్టుకుని పక్కవాటుగా మెట్లెక్కాడు. కూలి మాట ఎవరూ ఎత్తలేదు.

ఆరో రోజు మధ్యాహ్నం పీయున్ భర్తను షవర్ కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టింది. తర్వాత వంటింట్లోకి వచ్చి, కావాలనే కుళాయి పూర్తిగా తిప్పింది. షవర్ చప్పుడు తగ్గలేదు. కాసేపయ్యాక, కట్టేయనా అని ఆవిడ అడగడం వినిపించింది. వంకరపోయిన నోటితో ఆ ముసలాయన "ఇంకా" అన్నాడు. మళ్లీ అడిగితే మళ్లీ అదే మాట.

తడిసిన చేతులతో ఆవిడ బయటికి వచ్చింది. మెచ్చుకోలేదు.

"పక్క బిల్డింగులో అయిదో అంతస్తువాళ్లదీ ఇదే గోల. తెలుసా మేస్త్రీ?"

"తెలుసక్కా. ఈ సందులో నలభై ఇళ్లకు నేనే వేశాను."

వసంతంలో ఆయన ఇంకో రెండిళ్లలో పైపులు మార్చాడు. మూడో ఇంట్లో గొంతుక్కూచున్నవాడు లేవలేకపోయాడు. చంకల్లో చేతులు వేసి లేపాను. ఆ తర్వాత పనిముట్లు పట్టుకోలేదు. ఇల్లిల్లూ తిరిగి, గదులు కొలిచి, బొమ్మ గీసిచ్చాడు. ప్రతి కాగితం పైనా "గీజర్ మార్చకండి, పైపు దారి మార్చండి" అని రాశాడు. కొందరు వేరే మేస్త్రీలను పిలిపించుకున్నారు. కొందరు కాగితం అవతల పడేసి కొత్త గీజర్లే కొనుక్కున్నారు.

మొన్న కలిసినప్పుడు ఎన్ని ఇళ్లకు ఇచ్చావని అడిగాను. ఇరవై ఆరు అన్నాడు. మిగతావన్నీ ఎక్కలేక ఆపిన పై అంతస్తులట. నా భుజం పట్టుకుని లేచి, కొలతల టేపు నా చేతికిచ్చి, ముందు నడవమన్నాడు.